2038 తేదీ సమస్యకు అత్యవసర నిధులు వస్తాయా? అడిగే ముందు సొసైటీలో ఏం చూసుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా: మాది నరసన్నపేట దగ్గర ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. ఎక్సెల్‌లో రాసుకునే రుణాల పట్టీలో కొన్ని గడువు తేదీలు 1930 అని పడుతున్నాయి. అందరూ చెప్పుకునే 2038 సమస్య ఇదేనా? 1998లో అమెరికా ప్రభుత్వం వైటూకే (2000 సంవత్సరం రాగానే రెండంకెల తేదీలు తప్పుతాయన్న కంప్యూటర్ సమస్య) కోసం అత్యవసర నిధులు ఇచ్చిందట. మనకూ అలా వస్తాయా? ఏ పద్దు కింద అడగాలి?

సమాధానం:

నమస్కారమండి. మీ 1930కీ ఆ 2038కీ సంబంధం లేదు. 2038 అంటే, తేదీని సెకన్లలో లెక్కించే కొన్ని వ్యవస్థల్లో ఆ లెక్కకు చోటు నిండిపోయే ఏడాది. మీది ఎక్సెల్ శతాబ్దాన్ని తప్పుగా ఊహించడం. మీది రూపాయి ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగేదే, కాకపోతే ఇవాళే చేయాలి. నిధుల కోసం మాత్రం ఎదురుచూడకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ముందు 1930 సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఇప్పుడు మీ లెక్కల్ని పాడుచేస్తోంది.

సంవత్సరాన్ని రెండు అంకెలతో కొడితే శతాబ్దం ఏదో ఎక్సెల్ ఊహించుకుంటుంది. చాలా కంప్యూటర్లలో 00 నుంచి 29 వరకు 2000ల కిందికి, 30 నుంచి 99 వరకు 1900ల కిందికి వస్తాయి. 2025లో ఇచ్చిన అయిదేళ్ల రుణానికి గడువు 31-03-30 అని కొడితే అది 1930 మార్చి 31 అయిపోతుంది. బకాయి రోజులు లెక్కించే ఫార్ములా పక్కనే ఉంటే దాదాపు 35 వేల రోజులు బాకీ అని చూపిస్తుంది, అపరాధ వడ్డీ కూడా దాని మీదే కడుతుంది. ఈ హద్దు ఎక్సెల్‌లో కాదు, విండోస్‌లో ఉంటుంది: కంట్రోల్ ప్యానెల్, రీజియన్, అడిషనల్ సెట్టింగ్స్, డేట్. అక్కడ కొన్ని యంత్రాల్లో 2029 అని, కొన్నింట్లో 2049 అని ఉంటుంది. అందుకే ఒకే అంకెలు మీ కంప్యూటర్లో ఒక తేదీగా, బ్యాంకు బ్రాంచిలో ఇంకో తేదీగా పడే అవకాశం ఉంది. రెండుచోట్లా చూసి ఒకేలా పెట్టండి. అంతకంటే ముఖ్యం, ఇకమీదట సంవత్సరం నాలుగు అంకెలూ కొట్టడం.

ఇప్పటికే తప్పుపడిన వాటికి: ఫైలు నకలు తీసి, గడువు తేదీ కాలమ్‌లో 1950 కంటే ముందున్న వరసలను ఫిల్టర్ చేయండి. పక్క కాలమ్‌లో ఈడేట్ (EDATE) ఫార్ములాతో 1200 నెలలు కలిపి, వచ్చిన ఫలితాన్ని విలువలుగా అతికించండి. వందేళ్లు కదా అని 36,500 రోజులు కలిపితే లీపు రోజులు పోతాయి, గడువు పాతిక రోజులు వెనక్కి జరిగి మార్చి మొదటి వారంలో పడుతుంది. సభ్యుల పుట్టినతేదీ కాలమ్‌ను ఈ పద్ధతిలో ముట్టుకోవద్దు. 1930ల్లో పుట్టిన రైతులు మీ జాబితాలో నిజంగానే ఉంటారు.

ఇంకో ఉచ్చు సీఎస్‌వీ ఫైలు (గడులను కామాలతో విడదీసి ఉత్త అక్షరాలుగా దాచేది). కాలమ్ రెండంకెల సంవత్సరం చూపించే అమరికలో ఉంటే, సీఎస్‌వీగా భద్రపరిచినప్పుడు కనిపించే ఆ రెండంకెలే ఫైలులోకి వెళతాయి. అవతలివాళ్లు తెరవగానే వాళ్ల యంత్రం శతాబ్దాన్ని మళ్లీ ఊహిస్తుంది. బ్యాంకుకు పంపే ముందు అమరికను నాలుగంకెలకు మార్చి పంపండి. 31.03.30 అని చుక్కలతో కొట్టినవి మన దగ్గర చాలా యంత్రాల్లో తేదీలే కావు, ఉత్త అక్షరాలు. అలాంటివి గడిలో ఎడమవైపుకు అంటుకుని ఉంటాయి, నిజమైన తేదీ కుడివైపు ఉంటుంది. రీజియన్ అమెరికా అని ఉంటే 03-04-2026 మార్చి 4 అవుతుంది, 13-04-2026 అక్షరాలుగా మిగిలిపోతుంది. ఒకే కాలమ్ సగం తిరగబడి సగం మిగిలిందంటే కారణం ఇదే.

తప్పు తేదీ ఏదన్నది చూస్తే చాలాసార్లు రోగం అక్కడే తెలుస్తుంది. 1-1-1970 ఉదయం 5:30 కనిపిస్తే ఆ గడిలో సున్నా ఉంది, అంటే తేదీ అసలు రాలేదు. మన సమయం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఆ 5:30 వస్తుంది. 1899 డిసెంబరు 30, లేదా 1900 జనవరి 0 అని వస్తే స్ప్రెడ్‌షీట్‌లోని ఖాళీ గడి. 1-1-1980 అయితే పాత బయోస్ (కంప్యూటర్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రాం) గడియారం మొదటికి వెళ్లింది. అసలు తేదీకి దాదాపు 19 ఏళ్ల 7 నెలల వెనక ఉంటే జీపీఎస్ వారాల లెక్క మళ్లీ సున్నాకొచ్చింది: అక్కడ వారాలను పది బిట్లలో (బిట్ అంటే 0 లేదా 1 పట్టే చోటు) లెక్కిస్తారు, 1024 వారాలకు తిరిగి మొదలవుతుంది. 1999 ఆగస్టులోనూ 2019 ఏప్రిల్ 6నా అలా జరిగింది, తర్వాతిది 2038 నవంబరు 20.  

ఇక 1901 డిసెంబరు కనిపిస్తే, అదీ అసలైన 2038 సమస్య. చాలా వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను ఒక సంఖ్యగా దాచుకుంటాయి. ఆ సంఖ్యకు 32 బిట్ల చోటే ఇస్తే, ఒక బిట్ ప్లస్-మైనస్ గుర్తుకు పోగా, గరిష్ఠం 2,147,483,647. అది నిండేది 2038 జనవరి 19, మంగళవారం, మన సమయం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. తర్వాతి సెకనుకు సంఖ్య రుణాత్మకమై 1901లోకి పడుతుంది. సంక్రాంతి సెలవుల తర్వాత ఆఫీసులు తెరుచుకునే సమయమది. అయితే ఆ రోజు వరకూ ఆగే సమస్య కాదిది. రాబోయే ఏళ్ల తేదీలు రాసుకునే ప్రతిచోటా ఇప్పుడే తగులుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62. 1976 జనవరి మధ్యలో పుట్టినవారు 2038 జనవరి 31న విరమిస్తారు, ఆ తేదీ హద్దు అవతల ఉంది. 2023 మార్చి తర్వాత పదిహేనేళ్ల కాలానికి ఇచ్చిన ఏ రుణానికైనా ఆఖరి వాయిదా హద్దు దాటినట్టే.

మీ చుట్టూ ఇది ఎక్కడుంటుంది? ప్యాక్స్ (మీలాంటి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు) కంప్యూటరీకరణ పథకాన్ని కేంద్రం 2022 జూన్‌లో ఆమోదించింది: 63,000 సంఘాలు, 2,516 కోట్ల రూపాయలు, అమలులో నాబార్డు. దాని ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపిస్తే సరిచేయాల్సింది వాళ్లే. మీ పని ఆధారంతో జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ద్వారా పైకి పంపడం. మీ సొంత బాధ్యత మిగతావి: హాజరు వేలిముద్ర యంత్రం, సీసీ కెమెరాల రికార్డర్, తూకం యంత్రానికి కలిపిన కంప్యూటర్, ఎవరో కుర్రాడు రాసిచ్చిన గోదాము స్టాకు ప్రోగ్రాం. చివరిది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే దానికి యజమాని ఉండడు. ఒక నోటుబుక్కులో ప్రతి యంత్రానికీ ఒక వరస రాయండి: మోడల్, కొన్న ఏడాది, సాఫ్ట్‌వేర్ వెర్షన్, సమయం ఎక్కణ్ణుంచి తీసుకుంటుంది, తేదీలు ఎవరికి పంపుతుంది, మార్పు చేయగలిగేది ఎవరు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఎప్పటిదాకా ఉంది.

ప్రోగ్రాం వివరాలు దాచుకునే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అనే రకమైతే, టైమ్‌స్టాంప్ రకం కాలమ్ 2038 జనవరి 19తో ఆగిపోతుంది. డేట్‌టైమ్ రకం 9999 వరకూ పడుతుంది. మార్చడం ఒక్క ఆదేశమే, కానీ అందులో ఒక గొయ్యి ఉంది. టైమ్‌స్టాంప్ లోపల గ్రీనిచ్ సమయంలో ఉంటుంది, చూపించేటప్పుడు సెషన్ (అప్పుడు డేటాబేస్‌కు ఉన్న కనెక్షన్) సమయానికి మారుతుంది. డేట్‌టైమ్‌కు అలాంటి మార్పిడి లేదు. సెషన్ గ్రీనిచ్‌లో ఉండగా మార్చేస్తే ప్రతి విలువా అయిదున్నర గంటలు వెనక్కి జరిగి అక్కడే ఉండిపోతుంది. ఏప్రిల్ 1 అర్ధరాత్రి 00:00గా నమోదైన రుణం మార్చి 31 సాయంత్రం 6:30 అవుతుంది, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. ముందు సెషన్‌ను మన సమయానికి పెట్టి, నకలు మీద చేసి, ఏప్రిల్ 1 వరసలను మార్పుకు ముందూ తర్వాతా లెక్కపెట్టి పోల్చాలి. తేదీని సెకన్ల సంఖ్యగా ఇంట్ (32 బిట్ల) కాలమ్‌లో దాస్తే దాన్ని బిగ్‌ఇంట్ (64 బిట్లు) చేయాలి. కాలమ్ పెంచినా, దాన్ని చదివే ప్రోగ్రాం 32 బిట్లలోనే పట్టుకుంటే ప్రయోజనం ఉండదు. రెండూ కలిపి చూడమని అడగండి.

లినక్స్ మీద నడిచే పెట్టెలకు ఒక మాట. 32 బిట్ల యంత్రాలకు 2038 దాటే ఏర్పాటు కెర్నెల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) 5.6లో, అంటే 2020లో కుదిరింది. దాని మీదుండే ముఖ్య లైబ్రరీ జీలిబ్‌సీకి 2.34లో, అంటే 2021లో వచ్చింది. అంతకంటే పాత కెర్నెల్‌తో వచ్చిన 32 బిట్ల రికార్డర్‌కు తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) ఇవ్వకపోతే దాన్ని మార్చాల్సిందే. కానీ అలాంటి పెట్టె 2038 వరకు బతకదు, మామూలుగా మార్చే వంతులోనే పోతుంది. దానికోసం ప్రత్యేకంగా డబ్బు అడగొద్దు.

పరీక్ష ఎలా చేయాలంటే: పనిలో ఉన్న యంత్రంలో తేదీని ఎప్పుడూ ముందుకు జరపకండి. జరిపితే డే-ఎండ్ (రోజు ముగింపు లెక్క) పన్నెండేళ్ల వడ్డీ వేస్తుంది, లైసెన్సులు గడువు తీరిపోతాయి, ముప్పై రోజుల కంటే పాత బ్యాకప్‌లను తుడిచేసే స్క్రిప్టు ఉంటే మీ బ్యాకప్‌లన్నీ పాతవనుకుని తుడిచేస్తుంది. తేదీ వెనక్కి తిప్పినంత మాత్రాన అవేవీ తిరిగి రావు. విడిగా ఒక కంప్యూటర్ మీదికి నకలు దించండి, నెట్‌వర్క్ వైరు పీకండి, ఆటోమేటిక్ సమయం ఆపండి. వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) అయితే హోస్ట్, అంటే దాన్ని నడిపే అసలు కంప్యూటర్, సమయాన్ని అందుకునే అమరికనూ ఆపాలి, లేదంటే మీరు పెట్టిన తేదీని అది నిమిషంలో వెనక్కి లాగేస్తుంది, పరీక్ష నెగ్గిందని పొరబడతారు.

మొదట తేదీ మార్చకుండానే 18-01-2038, 20-01-2038, 31-03-2038 గడువులతో మూడు రుణాలు ఎక్కించండి. భద్రపరచండి, మూసి తెరవండి, నివేదిక అచ్చు తీయండి, తేదీ వరసలో పేర్చండి, ఎగుమతి చేయండి. చాలా లోపాలు ఇక్కడే దొరుకుతాయి. ఆ తర్వాత గడియారాన్ని 2038 జనవరి 19 ఉదయం 8:40కి పెట్టి, ప్రోగ్రాం తెరిచి ఉంచి 8:45 దాకా చూడండి. తర్వాత పూర్తిగా ఆపి, జనవరి 20 తేదీతో మొదలుపెట్టండి. నడుస్తూ దాటిన ప్రోగ్రాం కొత్తగా మొదలవ్వలేకపోవచ్చు. 29-02-2028నూ, 31-12-2029 నుంచి 01-01-2030కి మారడాన్నీ కూడా ఇలాగే చూడండి, అవి ముందొస్తాయి. సమయం పంచే ఎన్‌టీపీ సర్వర్ల లెక్క 2036 ఫిబ్రవరి 7న, మన ఉదయం 11:58కి సున్నాకొస్తుంది, అది గురువారం, పనివేళ. ప్రతి ఫలితానికీ గడియారం కనిపించేలా తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి దాచండి. తర్వాత డబ్బు అడిగేటప్పుడు మీ చేతిలో ఉండే బలం ఇదే.

శ్రీకాకుళం తీరంలో 2038 కంటే ముందు మీకు ఎదురయ్యేది వేరే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు. అంతసేపు కరెంటు లేనప్పుడు మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, కంప్యూటర్ పాత తేదీతో లేస్తుంది. బ్రౌజర్ సురక్షితం కాదని చెప్పడం, డిజిటల్ సంతకం పనిచేయకపోవడం మొదటి గుర్తులు. దాన్ని పట్టించుకోకుండా స్థానిక ప్రోగ్రాంలో ఎంట్రీలు వేస్తే అవన్నీ పాత తేదీలో పడతాయి. ఆ బిళ్ల వంద రూపాయల లోపే. మూడు, నాలుగేళ్లకోసారి మార్చండి, కొనేటప్పుడు రెండు అదనంగా ఉంచండి. పొడవాటి కరెంటు కోత తర్వాత ఏ ప్రోగ్రాం తెరిచేముందైనా తేదీ చూడాలని గోడ మీద రాసి పెట్టండి.

ఇప్పుడు నిధులు. అమెరికాలో జరిగింది ఇది: 1998 అక్టోబరు 21న క్లింటన్ సంతకం చేసిన ఉమ్మడి వ్యయ చట్టంలో వైటూకే కోసం 335 కోట్ల డాలర్ల అత్యవసర నిధి ఉంది. 225 కోట్లు పౌర శాఖలకు, 110 కోట్లు రక్షణకు. 2000 సంవత్సరం ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు, అయినా అత్యవసరం అన్నది ఎందుకంటే, అలా గుర్తించిన ఖర్చు వాళ్ల బడ్జెట్ పరిమితుల లెక్కలోకి రాదు. అప్పటికే శాఖల అంచనా ఖర్చు 1997 ఫిబ్రవరిలో చెప్పిన 230 కోట్ల డాలర్ల నుంచి రెట్టింపు దాటిపోయింది. డబ్బు చేతికొచ్చేసరికి మిగిలింది పద్నాలుగు నెలలు. పరీక్షకే మొత్తం పనిలో సగానికి పైగా పడుతుందని వాళ్ల ఆడిట్ సంస్థ ముందే హెచ్చరించింది. ఆ కొద్ది వ్యవధిలో డబ్బుతో యంత్రాలూ మనుషులూ దొరుకుతారు, పరీక్షకు కావాల్సిన నెలలు దొరకవు. ఏ శాఖ దగ్గర యంత్రాల జాబితా, లోపాల ఆధారం సిద్ధంగా ఉన్నాయో దానికే ఆ డబ్బు ఉపయోగపడింది. పింఛన్లు పంచే సోషల్ సెక్యూరిటీ సంస్థ 1989లోనే పని మొదలుపెట్టింది కాబట్టి అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు స్టీఫెన్ హార్న్ మూడు నెలలకోసారి ఇచ్చిన మార్కుల్లో ముందు వరసలో నిలిచింది.

మన దగ్గర దారి వేరు. రాజ్యాంగం 267(2) ప్రకారం రాష్ట్ర ఆగంతుక నిధి ముందుగా ఊహించని ఖర్చుకు. దశాబ్దాలుగా తేదీ, నిమిషంతో సహా తెలిసిన సమస్యను ఊహించలేదని ఫైలులో ఎవరూ రాయలేరు. రాసినా ఆర్థిక శాఖ తిప్పి పంపుతుంది, అది న్యాయమే. విపత్తు ప్రతిస్పందన నిధి తుపాను, వరద, కరువు లాంటి ప్రకటిత విపత్తులకే. మండల కార్యాలయం లాంటి ప్రభుత్వ కార్యాలయాలకు సరైన మార్గం వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాల్లో పెట్టడం, అది తప్పితే ఉన్న పద్దులోంచి సర్దుబాటు, ఆ తర్వాతే 205వ అధికరణ కింద అనుబంధ పద్దు.

మీది ప్రభుత్వ కార్యాలయం కూడా కాదు, 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘం. ట్రెజరీ పద్దులు మీకు నేరుగా వర్తించవు. వరస ఇలా పెట్టుకోండి: ముందు ఏఎంసీ లేదా వారంటీ. తేదీ తప్పుగా దాచడం ప్రోగ్రాం లోపం, కొత్త సదుపాయం కాదు, కాబట్టి ఉచితంగా సరిచేయమని లేఖ రాయండి. రెండోది పథకం సాఫ్ట్‌వేర్ అయితే బ్యాంకు ద్వారా ఫిర్యాదు. మిగిలినదానికే సంఘం సొంత నిధి, పాలకవర్గ తీర్మానంతో.

ప్రతిపాదన రెండు పేజీలు చాలు. ఏ యంత్రం, ఏ తేదీకి, ఏం తప్పు చూపింది, తెరపట్టు జత, ఎంతమంది రైతుల ఖాతాలకు తగులుతుంది, సరిచేస్తే ఖర్చు, మారిస్తే ఖర్చు, ఏమీ చేయకపోతే చేతిరాత రిజిస్టరుతో ఎన్ని రోజులు నడపగలం. పరీక్షకు విడిగా వరస పెట్టి డబ్బు రాయండి. పెట్టకపోతే కోడు మార్చి బిల్లు చెల్లించాక పరీక్షకు ఏమీ మిగలదు. మార్చగలిగేది ఒక్క కంపెనీయే అయితే ఆ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి ఆమోదం తీసుకోండి, లేకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది.

వచ్చే ఏఎంసీలో ఈ వాక్యాలు చేర్పించండి: "ఈ సాఫ్ట్‌వేర్, పరికరాలు 2099 డిసెంబరు 31 వరకు గల తేదీలను నాలుగంకెల సంవత్సరంతో స్వీకరించి, నిల్వచేసి, లెక్కించి, ఎగుమతి చేయాలి. ఈ విషయంలో బయటపడిన లోపాన్ని సరఫరాదారు అదనపు రుసుము లేకుండా సరిచేసి, పరీక్ష ఫలితాలను సంఘానికి అందజేయాలి."

ఈడేట్ ఫార్ములా వేసినప్పుడు ఏదైనా వరస విలువ లోపం (#VALUE!) చూపిస్తే ఆ గడిలో ఉన్నది అక్షరాలన్నమాట. ఆ తేదీ ఎలా కొట్టి ఉందో, మీ రీజియన్ అమరిక ఏమిటో ఇక్కడ రాయండి, మార్చే పద్ధతి చెబుతాను.